గాభరా మాదే, గోలీ కూడా మాదే

మా జేబుల్లో మూడు వస్తువులుంటాయి. వొకటి గుర్తింపు కార్డు. ఎవరు ఆపి అడిగినా చూపించడానికి. రెండోది తస్బీ. ఎవరూ అడక్కపోయినా తిప్పుకోవడానికి. మూడోది గోలీల పట్టీ. దాన్ని మాత్రం ఎవరికీ చూపించం.

కార్డు తీసి చూపించడం మాకు అలవాటైపోయింది. తస్బీ చూసి ఎవరైనా ఏమన్నా అనుకుంటే అనుకోనీ అనే మొండితనమూ వచ్చేసింది. గోలీల పట్టీని మాత్రం పర్సు లోపలి అరలో పాత బస్సు టికెట్ల కింద దాస్తాం. ఇంట్లో ఎవరైనా చూస్తే గ్యాసుకని అబద్ధం చెప్తాం. పెళ్లి దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూచుని అందరూ చూస్తుండగా షుగర్ గోలీ మింగే చాచాలు మాలో ఎంతమందో. బీపీ గోలీ గురించైతే గొప్పగా కూడా చెప్పుకుంటాం. గుండె దడకూ మనసు దిగులుకూ వేసుకునే గోలీ మాత్రం బాత్రూం తలుపేసుకుని మింగుతాం. ఎందుకు? ఈ సిగ్గు ఎక్కణ్నించి వచ్చింది? ఇది మా దీన్ నేర్పిందా, మా రాజకీయాలు నేర్పాయా, లేక మేమే అల్లుకున్నామా?

మాలో వొక దోస్తు వున్నాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. పేరు అవసరం లేదు. పదిహేనేళ్లుగా చెప్తున్న పాఠమే. వొకరోజు బోర్డు మీద సూత్రం రాయబోతే చెయ్యి ఆగిపోయింది. నోరు ఎండిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. చచ్చిపోతున్నానని అనుకున్నాడు. పిల్లలే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. ఈసీజీ మామూలుగా వుంది. నెలరోజుల్లో అలా నాలుగుసార్లయింది. అది వచ్చిన రోజు దాని బాధ. రాని రోజు ఎప్పుడొస్తుందో అన్న బాధ. చివరికి వొక డాక్టరు గోలీలు రాశాడు. గోలీ పని చేసింది. క్లాసులో మళ్లీ నిలబడ్డాడు. సంతోషంగా వుంటాడనుకున్నాం. వాడు మా దగ్గరికొచ్చి అడిగింది ఇదీ: "అరే భాయ్, ఇప్పుడు క్లాసులో మాట్లాడేది నేనా, గోలీనా?"

ఆ ప్రశ్నకు అప్పుడు మేం చెప్పిన జవాబు తప్పు. ఎందుకు తప్పో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

ముందు మాట సంగతి. తెలుగులో గాభరా అంటారు. మా ఇళ్లలో ఘబ్రాహట్ అంటారు. రెండూ వొకే వేరు నుంచి వచ్చిన మాటలు. పరేషాన్, ఫికర్, బేజారు కూడా ఈ నేల మీద అందరి మాటలే. మతం వేరైనా, లిపి వేరైనా, గుండె దడకు పెట్టుకున్న పేరు వేరు కాలేదు. కాబట్టి గాభరా ముస్లింల జబ్బు అని మేం చెప్పబోవడం లేదు. హిందూ ఇళ్లలోనూ, క్రైస్తవుల ఇళ్లలోనూ ఇదే దడ. కొంత వంశంలో వస్తుంది. కొందరికి థైరాయిడ్ తేడా వల్ల కూడా ఇలాంటి దడే వస్తుంది. మాలో ఎవరికి దడ వచ్చినా దాన్ని మతం ఖాతాలో రాసెయ్యడం కూడా వొక రకం బద్ధకమే.

గాభరా వేరు, గాభరా జబ్బు వేరు. పరీక్ష ముందు, పెళ్లిచూపుల ముందు, రాత్రిపూట నాకాబందీలో పోలీసు బండి ఆపినప్పుడు వచ్చే గాభరా జబ్బు కాదు. అది కాపలా కుక్క లాంటిది. దొంగ వస్తే మొరుగుతుంది, దొంగ పోతే పడుకుంటుంది. జబ్బులో ఆ కుక్క పడుకోదు. గాలికి తలుపు కదిలినా మొరుగుతుంది, సొంత మనుషులు వచ్చినా మొరుగుతుంది. ఆరు నెలలకు పైగా దాదాపు రోజూ ఆపుకోలేని చింత, నిద్ర పట్టకపోవడం, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, ఊరికే అలిసిపోవడం, మనసు వొకచోట నిలవకపోవడం, వీటివల్ల పనీ సంసారమూ దెబ్బతినడం. ఇలా వుంటే డాక్టర్లు దాన్ని జబ్బంటారు. మా దోస్తుకు వచ్చినట్టు వున్నట్టుండి వచ్చి నిమిషాల్లో చావు భయం దాకా తీసుకుపోయేదాన్ని పానిక్ అంటారు.

బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో వొక మానసిక జబ్బు వుందని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేల్చింది. అంటే బాత్రూంలో దాక్కుని గోలీ మింగే మేం నయం. చాలామందికి ఆ గోలీ కూడా లేదు.

ఈ జబ్బులో అందరూ తేలిగ్గా తీసుకునేది, చదువుకున్నవాణ్ని ఎక్కువగా కుంగదీసేది, ఆలోచన దెబ్బతినడం. కొంచెం గాభరా తెలివికి మేలే చేస్తుంది. 1908లో అమెరికాలో రాబర్ట్ యెర్క్‌స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకలకు కరెంటు షాకులిస్తూ తెలుపూ నలుపూ పెట్టెల మధ్య తేడా నేర్పారు. తేడా సులువుగా వున్నప్పుడు షాకు పెరిగేకొద్దీ ఎలుకలు తొందరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మాత్రం ఓ మోస్తరు షాకే పనికొచ్చింది. షాకు మరీ పెరిగితే చదువు వెనక్కి పోయింది. ఎలుకల లెక్క మనుషులకు అచ్చంగా సరిపోదు గానీ, పరీక్ష హాల్లో కూచున్న ప్రతి పిల్లవాడికీ ఇది తెలిసిన సంగతే.

కిరాణా దుకాణంలో బల్ల వుంటుంది. తూచిన సరుకు, ఇవ్వాల్సిన చిల్లర, రాసుకునే చిట్టీ అన్నీ దాని మీదే. మన తలలోనూ అప్పటికప్పుడు లెక్క పట్టుకునే అలాంటి చిన్న జాగా వుంది. గాభరా వచ్చి ఆ బల్ల మీద సగం దాకా తన మూటలు పెట్టేస్తుంది. మిగిలిన సగంలోనే మనం లెక్క చెయ్యాలి, మాట వెతుక్కోవాలి, ఎదుటివాడి మొహం చదవాలి. తెలివి ఎక్కడికీ పోలేదు. దానికి జాగా లేదు, అంతే.

ఆ మూటల్లో కొన్ని మాకోసమే ప్రత్యేకంగా కట్టినవి. ఇల్లు అద్దెకు అడగడానికి పోతాం. గదులు బాగున్నాయంటాం, అడ్వాన్సు మాట్లాడతాం. పేరడిగే క్షణం కోసం లోపల వొక చెవి ఎదురుచూస్తూనే వుంటుంది. ఇంటర్వ్యూలో సమాధానం చెప్తూనే మా ఉచ్చారణను మేమే వింటూ వుంటాం. 1995లో క్లాడ్ స్టీల్, జాషువా అరాన్సన్ అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల మీద వొక ప్రయోగం చేశారు. ఇది మీ తెలివికి కొలత అని చెప్పి పరీక్ష పెడితే నల్లజాతి విద్యార్థుల మార్కులు పడిపోయాయి. అదే పరీక్షను తెలివికి సంబంధం లేనిదని చెప్పి పెడితే ఆ తేడా బాగా తగ్గింది. ఆ ఫలితం ఎంత పెద్దది, మళ్లీ చేస్తే ప్రతిసారీ వస్తుందా అన్న దానిమీద తర్వాత పరిశోధకుల మధ్య గట్టి వాదనే నడిచింది. మేం దాన్ని వేదవాక్యం చెయ్యడం లేదు. కానీ పేరడిగే క్షణం కోసం ఎదురుచూసే చెవి ఎంత జాగా తింటుందో మాకు ఏ ప్రయోగమూ చెప్పక్కర్లేదు.

ఇక దోస్తు ప్రశ్నకు వచ్చిన జవాబులు. రెండు వచ్చాయి.

మొదటిది వాళ్లింటి పెద్దలది. ఈమాన్ కమ్‌జోర్ అయింది బేటా, అన్నారు. అల్లా మీద తవక్కుల్ వుంటే గుండె ఎందుకు దడదడలాడుతుంది అన్నారు. నజర్ తగిలిందన్నారు. తావీజు కట్టించారు, దమ్ చేసిన నీళ్లు తాగించారు. మేం వాటిని వెక్కిరించబోవడం లేదు. దర్గా గడప మీద కాసేపు కూచుని లేచిన అమ్మీ మొహంలో కనిపించే నిమ్మళం అబద్ధం కాదు. సజ్దాలో నుదురు నేలకానించినప్పుడు దడ తగ్గిన రోజులు మాకూ వున్నాయి. కానీ ఆ మాటలో దాక్కున్న తీర్పు చూడండి. జబ్బు వచ్చిందంటే విశ్వాసం తగ్గిందని అర్థం. షుగరొచ్చిన చాచాను ఎవరూ అలా అనలేదు.

ఆ తీర్పు ఎక్కడిదాకా పోగలదో తమిళనాడులోని ఎర్వాడి చెప్పింది. 2001 ఆగస్టు 6న అక్కడి దర్గా దగ్గర నడుస్తున్న వొక ప్రైవేటు ఆశ్రమంలో మంటలంటుకున్నాయి. మానసిక రోగులు గొలుసులతో కట్టేసి వున్నారు. 28 మంది కాలిపోయారు. ఆ దర్గాకు అన్ని మతాలవాళ్లూ తమవాళ్లను తీసుకొచ్చి వదిలేవాళ్లు. ఆ గొలుసు ఏ వొక్క మతానిదీ కాదు. మనసు జబ్బంటే మనందరికీ వున్న భయానిది. గొలుసులతో కట్టెయ్యడాన్ని నిషేధిస్తూ, మత భేదం లేకుండా మానసిక వైద్యం పొందడం హక్కని చెప్తూ 2017లో చట్టం వచ్చింది.

మా చరిత్ర మాత్రం తావీజు దగ్గరే ఆగిపోయినది కాదు. 9వ శతాబ్దంలో పుట్టి 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్-బల్ఖీ దేహానికీ నఫ్సుకూ కలిపి వొక వైద్య గ్రంథం రాశాడు. కోపం, భయం, దుఃఖం, వదలకుండా పట్టుకునే ఆలోచనలు అని మనసు బాధల్ని వేరుచేసి చూపించాడు. దేహం చెడితే మనసు చెదురుతుందనీ, మనసు చెడితే దేహం కుంగుతుందనీ చెప్పాడు. అవసరానికి ఇంట్లో మందులు పెట్టుకున్నట్టే మంచి ఆలోచనలు కూడా ముందే కూర్చి పెట్టుకోమన్నాడు. 1284లో కైరోలో కట్టిన మన్సూరీ బీమారిస్తాన్‌లో కడుపు జబ్బులకూ కళ్ల జబ్బులకూ లాగే మనసు జబ్బులకూ చోటుండేది. మా తాతలకు లేని సిగ్గు మాకెందుకు?

రెండో జవాబు మాది. మేమంటే కవితలు రాసేవాళ్లం, సభలు పెట్టేవాళ్లం, కరపత్రాలు పంచేవాళ్లం. మేం దోస్తుతో అన్నాం: "జబ్బు నీది కాదురా, సమాజానిది. నీ భయానికి కారణాలున్నాయి. గోలీ మింగితే కారణాలు అలాగే వుంటాయి, నువ్వు మాత్రం మొద్దుబారతావు. మానెయ్. నువ్వు నువ్వుగా వుండు."

ఎంత బాగుంది ఆ మాట! అందులో సగం నిజం కూడా వుంది. 2007 మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. ఆ తర్వాత హైదరాబాదులో ఎందరో ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. తర్వాత వాళ్లు కోర్టుల్లో నిర్దోషులుగా తేలారు. ఆ ఇళ్లలో ఇప్పటికీ అర్ధరాత్రి తలుపు చప్పుడుకు ఎవరైనా ఉలిక్కిపడితే, అదంతా నీ భ్రమ అనే హక్కు ఏ డాక్టరుకీ లేదు. నిజమైన ప్రమాదాన్ని జబ్బని పిలిచి నోరు మూయించడం మాకు తెలుసు. అందుకే మందంటే అనుమానం.

కానీ కారణం వుంది కాబట్టి జబ్బు జబ్బు కాకుండా పోతుందా? పలకల ఫ్యాక్టరీలో రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన కూలీ వున్నాడు. ఫ్యాక్టరీ మీద కేసు వెయ్యాలి, నష్టపరిహారం అడగాలి, దుమ్ము ఆపించాలి. అంతవరకూ ఆయాసానికి మందు వేసుకోవద్దని అంటామా? మందు వేసుకుంటే నీ పోరాటం నీరుగారుతుందని అంటామా? అనం. కారణం బైట వుంది, జబ్బు లోపల వుంది. రెండూ నిజమే. వొకదాన్ని చూపించి రెండోదాన్ని మాయం చెయ్యడం కుదరదు. దోస్తు దడను మేం జెండా చేసి ఎగరేద్దామనుకున్నాం. జెండా మొయ్యడానికి వాడి చేతులు వణుకుతున్నాయని మాత్రం చూడలేదు.

ఇప్పుడు గోలీ గురించి నిజం చెప్పుకోవాలి. పొగడ్తా వద్దు, తిట్టూ వద్దు.

ఈ గోలీల తొలి రసాయనాలు చేసిన లియో స్టెర్న్‌బాక్ 1908లో పుట్టిన యూదుడు. స్విట్జర్లాండులో మందుల కంపెనీలో పనిచేస్తూ, చుట్టూ నాజీలు కమ్ముకొస్తుంటే 1941లో అమెరికా చేరాడు. అక్కడ ఆయన చేసిన లిబ్రియం 1960లో, వేలియం 1963లో బజారుకొచ్చాయి. ఊరు వదిలి పారిపోవాల్సి వచ్చిన వొక మైనారిటీ మనిషి చేతుల్లోంచి భయానికి మందు వచ్చింది. ఆయనకు భయమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదనుకుంటాం.

మెదడులో గాబా అనే రసాయనం వుంది. నరాల పరుగుకు పగ్గం వేస్తుంది. డయాజెపామ్, అల్ప్రజోలామ్, లోరజెపామ్, క్లోనజెపామ్ ఆ పగ్గాన్ని బిగిస్తాయి. చాలామందికి గంటలోపే దడ దిగుతుంది. దానికి కట్టే ధర కూడా వుంది. మత్తుగా వుంటుంది. కొత్తగా విన్నది, చదివినది గుర్తుండదు. చెయ్యీ కాలూ ఆలస్యంగా కదులుతాయి కాబట్టి బండి నడపడం ప్రమాదం. ముసలివాళ్లు తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. కొన్ని వారాలు వరసగా వాడితే వొంటికి అలవాటైపోతుంది. వున్నట్టుండి మానేస్తే మొదటికన్నా ఎక్కువ దడ, నిద్రలేమి, వొక్కోసారి ఫిట్సు. అందుకే వీటిని తక్కువ రోజులకే వాడమంటారు. దుకాణం బల్ల మాటే మళ్లీ చెప్పుకుంటే, గాభరా బల్ల మీద సగం ఆక్రమిస్తుంది. ఈ గోలీ ఆ మూటల్ని దించుతుంది గానీ బల్లనే కొంచెం చిన్నది చేస్తుంది.

ఎస్కిటాలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటివి ఇంకో రకం. ఇవి పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కొందరికి గాభరా పెరిగినట్టు కూడా వుంటుంది. మత్తు తక్కువ. చాలామందికి జబ్బు తగ్గాక ఆలోచన వెనక్కొస్తుంది. కొందరికి కోరిక తగ్గుతుంది, ఏడుపూ సంతోషమూ రెండూ పలచబడతాయి. వీటినీ చెప్పాపెట్టకుండా ఆపకూడదు. ఇక ప్రొప్రనోలోల్. 1960ల్లో జేమ్స్ బ్లాక్ దాన్ని గుండె జబ్బు కోసం చేశాడు. 1988లో ఆయనకు నోబెల్ వచ్చింది. వేదికెక్కే వాద్యగాళ్లు చెయ్యి వణక్కుండా దాన్ని వేసుకుంటారు. అది గుండె పరుగును ఆపుతుంది గానీ మనసులో చింతను పెద్దగా ముట్టదు. ఉబ్బసం వున్నవాళ్లకు పనికిరాదు. గోలీ లేని వైద్యమూ వుంది. భయపెట్టే ఆలోచనను కూచోబెట్టి ప్రశ్నించడం, తప్పించుకు తిరిగే చోటికే కొంచెం కొంచెంగా పోవడం. చాలామందిలో అది మందుతో సమానంగా పనిచేస్తుంది. బల్ఖీ వింటే సంతోషించేవాడు.

మా తెలంగాణలో ఈ రసాయనాలకు ఇంకో కథ వుంది. చెట్టు కల్లు చాలక, కల్లు దుకాణాల్లో డయాజెపామ్, అల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మేవాళ్లు. పొద్దంతా రెక్కలు ముక్కలు చేసుకున్న కూలీలు అది కల్లే అనుకుని తాగారు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి మందు కలపడం ఆగితే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఫిట్సొచ్చాయి, మెడలు వంకర్లు పోయాయి, పిచ్చిగా ప్రవర్తించారు. తమ వొంట్లో ఏ మందు పనిచేస్తోందో వాళ్లకు తెలియదు. అదే అల్ప్రజోలామ్‌ను మందుల దుకాణంలో అమ్మాలంటే డాక్టరు చీటీ వుండాలి, కొన్నవాళ్ల పేరు వేరే రిజిస్టరులో రాయాలి. 2014 మార్చి నుంచి ఆ నియమం వుంది. రసాయనం వొకటే. వొకచోట మనిషికి తెలుసు, ఇంకోచోట తెలియదు. ఈ తేడాను పట్టుకునే మేం దోస్తు ప్రశ్నకు జవాబు దాకా రాగలిగాం.

అయితే మధ్యలో వొక పెద్ద మనిషి అడ్డంగా నిలబడ్డాడు. ఇమామ్ గజాలీ.

1095లో ఆయన బాగ్దాద్ నిజామియా మదర్సాలో పెద్ద ఆచార్యుడు. ముందు వందలమంది శిష్యులు. వొకరోజు పాఠం చెప్పబోతే నాలుక కదల్లేదు. అన్నం ముద్ద దిగలేదు, నీళ్లు కూడా దిగలేదు. వైద్యులొచ్చి చూశారు. ఇది దిల్‌లో పుట్టి దేహానికి పాకింది, లోపలి చింత తీరితే తప్ప మందుల వల్ల కాదు అన్నారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. చివరికి పదవీ పరపతీ వదిలి బాగ్దాద్ దాటిపోయాడు. డమాస్కస్, జెరూసలెం, మక్కా తిరిగాడు. ఇస్లామీయ ఆలోచననే మలుపు తిప్పిన ఇహ్యా ఆ తిరుగుడులోంచి వచ్చింది.

క్లాసు ముందు నాలుక పడిపోయిన మా దోస్తు, మదర్సాలో నాలుక పడిపోయిన గజాలీ. వాళ్లిద్దరి మధ్య తొమ్మిది వందల ఏళ్లకు పైగా దూరం. గజాలీకి ఆరోజు బాగ్దాద్‌లో ఎవరైనా గోలీ ఇచ్చి వుంటే? మర్నాడు హాయిగా పాఠం చెప్పుకునేవాడేమో. ఇహ్యా వుండేదా? మందు వద్దనేవాళ్ల చేతిలో ఇంతకన్నా బలమైన ప్రశ్న లేదు. కొన్నిసార్లు గాభరా నిజం చెప్తుంది. నువ్వు బతుకుతున్న బతుకు నీది కాదని చెప్తుంది. అప్పుడు దాని నోరు నొక్కేస్తే మనిషి ఓడిపోతాడు.

ఈ ప్రశ్నను మేం దులిపేసుకోం. కానీ గజాలీ వైద్యులను తరిమెయ్యలేదు. వాళ్లు చూసి చేతులెత్తేశారు. బయల్దేరేముందు పిల్లల తిండికి సరిపడా ఏర్పాటు చేసి మరీ పోయాడు. అంటే ఆలోచించి, నిర్ణయించుకుని పోయాడు. నిర్ణయించుకునే శక్తి మిగిలింది కాబట్టి పోగలిగాడు. అదీగాక, నాలుక పడిపోయిన ప్రతివాడూ గజాలీ కాడు. వొక్క గజాలీ వెనక ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు, చదువు మధ్యలో ఆపేసినవాళ్లు, పిల్లల పెళ్లికి కూడా నలుగురిలోకి రాలేక గదిలో కూచున్నవాళ్లు ఎన్ని వేలమందో. వాళ్ల గాభరా ఏ ఇహ్యానూ రాయలేదు. ఎదుటివాడి బాధలోంచి గొప్ప పుస్తకం రావాలని ఎదురుచూడటం మనకు సులువు. నిద్రలేని రాత్రులు వాడివి కదా.

అమెరికా సైకియాట్రిస్టు పీటర్ క్రేమర్ 1993లో ప్రొజాక్ మీద రాసిన పుస్తకంలో కొందరు రోగుల మాట వుంది. మందు వేసుకున్నప్పుడే తాము తాముగా వున్నామని, ఆపితే తాము తాము కాదనిపించిందని వాళ్లన్నారు. మా దోస్తు భయం సరిగ్గా దానికి తిరగేసి. అందుకే రక్తంలో ఏ రసాయనం ఎంతుందో చూసి అసలు మనిషి ఎవరో తేల్చలేం. మరి దేన్ని చూసి తేల్చాలి?

దోస్తు కథ పూర్తి చెయ్యాలి. వాడు మా మాట విన్నాడు. రంజాన్ చాంద్ కనిపించిన రాత్రి గోలీల పట్టీ మోరీలో పారేశాడు. అల్ప్రజోలామ్. ఏడాదికి పైగా వేసుకుంటున్నది. ఇంట్లోవాళ్లు ఈమాన్ గెలిచిందని సంతోషించారు. మేం మనిషి గెలిచాడని సంతోషించాం. మూడో రోజా నాడు అసర్ వేళకు చేతులు వణికాయి. వజూ చేస్తూ పడిపోయాడు. ఫిట్సు. తల హౌజు అంచుకు తగిలింది. ఐదు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి వరండాలో ఇంటి పెద్దలూ మేమూ ఎదురెదురుగా కూచున్నాం. జీవితంలో మొదటిసారి ఇద్దరమూ వొకే మాట చెప్పామని అప్పుడు తెలిసింది. వాళ్లు దీన్ పేరుతో చెప్పారు. మేం అస్తిత్వం పేరుతో చెప్పాం. వాణ్ని మాత్రం ఎవరమూ అడగలేదు.

రోగికి రోజా నుంచి మినహాయింపు వుంది. ఆ సంగతి మదర్సా పిల్లవాడికి కూడా తెలుసు. చాలా గోలీలను డాక్టరును అడిగి సహెరీకీ ఇఫ్తార్‌కీ మార్చుకోవచ్చు. అడిగితే చెప్పేవాళ్లే. అడగడానికి సిగ్గుపడ్డాం. తర్వాత డాక్టరు ఆ గోలీని నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాడు. ఇంకో మందు పెట్టాడు. వారం వారం మాటల వైద్యం కూడా నడిచింది. వాడిప్పుడు పాఠం చెప్తున్నాడు. దడ పూర్తిగా పోలేదు. వస్తుంది, కూచుంటుంది, పోతుంది.

వొకరోజు మేమే వాడి పాత ప్రశ్న వాణ్ని అడిగాం. వాడన్నాడు: "గోలీ వేసుకుందామనుకున్నది నేనే కదా భాయ్. ఇంక గోలీ మాట్లాడేదెక్కడ?"

మేం వెతుకుతున్న జవాబు అదే. మనిషి అస్తిత్వం అతని వణుకులో లేదు, వణుకు తగ్గడంలోనూ లేదు. తెలిసి ఎంచుకోవడంలో వుంది. కల్లు సీసాలో తెలియకుండా తాగించిన అల్ప్రజోలామ్ మనిషిని దోచుకుంది. తెలిసి, అడిగి, ధర ఎంతో లెక్క చూసుకుని, ఆపే దారి కూడా తెలుసుకుని వేసుకునే గోలీ మనిషి చేతిలో పనిముట్టు. గొలుసు వేసి కట్టేసినా, ఈమాన్ లేదని సిగ్గుపరిచినా, పోరాటం పేరుతో మందు మానిపించినా జరిగేది వొకటే. ఎంచుకునే హక్కు లాక్కోవడం.

మాకు మేం పెట్టుకున్న పరీక్ష చిన్నది. గోలీ వేసుకున్నాక ఆలోచన వెనక్కొచ్చిందా? అన్యాయం ఇంకా అన్యాయంగానే కనబడుతోందా? కోపం రావలసినచోట వస్తోందా? వస్తే ఆ మందు మాకు పనికొచ్చినట్టే. అన్నీ బాగానే వున్నట్టు, ఏం జరిగినా ఫర్వాలేనట్టు అనిపిస్తుంటే మళ్లీ డాక్టరు దగ్గరికి పోవాలి, మోతాదు గురించి, మందు గురించి మాట్లాడాలి. నోరు మూసుకుని మానెయ్యడమూ కాదు, నోరు మూసుకుని మింగడమూ కాదు.

మమ్మల్ని భయపెట్టేవాళ్లకూ వొక మాట. మేం గోలీ వేసుకున్నామంటే మీ లెక్క తీరిపోయినట్టు కాదు. రాత్రి నిద్రపోయిన మనిషే పొద్దున కోర్టుకు పోగలడు, అర్జీ రాయగలడు, ఓటు వెయ్యగలడు, ఇల్లు ఎందుకు ఇవ్వవని మొహం మీద అడగగలడు.

మొన్న వొక వలీమా దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూచున్నాం. చాచా షుగర్ గోలీ తీశాడు. పక్కనే మా దోస్తు తన పట్టీ తీశాడు.

"నీకూ షుగరా బేటా?"

"కాదు చాచా. ఘబ్రాహట్‌ది."

చాచా చుట్టూ చూశాడు. నీళ్ల గ్లాసు వాడి వైపు జరిపాడు. కాసేపాగి, వంగి మెల్లగా అడిగాడు: "ఏ డాక్టరు? మీ చాచీకి రెండేళ్లుగా నిద్ర లేదు."